క్లినికల్ ట్రయల్‌లో ప్రశ్న మారిన ప్రతిసారీ టేబుల్ మార్చాల్సిందేనా?

ఎండాడ కోడరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మధురవాడలో నలుగురం కలిసి నడుపుకునే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ మాది. ఇంతకుముందు చేసినవన్నీ రొయ్యల ఎగుమతి బిల్లులు, కల్యాణ మండపాల బుకింగులు, ఒక గ్యాస్ ఏజెన్సీ లెక్కలు. నిరుడు కొందరు వైద్యులు తమ క్లినికల్ ట్రయల్‌కు డేటా నమోదు వ్యవస్థ తయారుచేసి పెట్టమన్నారు. నోటిలో తెల్ల మచ్చలు వచ్చినవారికి పూసే ఒక జెల్ మీద అధ్యయనం. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం, మూడు చోట్ల జరుగుతోంది. 240 మందిని చేర్చుకోవాలి. ఇప్పటికి 61 మంది చేరారు. ఒక్కొక్కరు నాలుగుసార్లు రావాలి: చేరిన రోజు, తర్వాత 30, 90, 180 రోజులకు.

కాగితం ఫారంలో 214 గళ్లు ఉన్నాయి. నేను టేబుల్‌లో 214 కాలమ్‌లు పెట్టాను. విజిట్‌కు ఒకటి చొప్పున నాలుగు టేబుళ్లు. బిల్లు పుస్తకం చూసి బిల్లు టేబుల్ కట్టినట్టే కట్టాను. అంతకు మించి ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను.

అప్పటి నుంచి ప్రొటోకాల్ (అధ్యయనం ఎలా నడవాలో రాసుకున్న ప్రణాళిక) మూడుసార్లు మారింది. మొదటిసారి రెండు రక్తపరీక్షలు కలిశాయి. రెండోసారి 60వ రోజున ఫోన్ చేసి పలకరించాలన్నారు, అంటే ఐదో టేబుల్. ఈలోగా ఇంకో చిక్కు. ప్రతికూల సంఘటనలకు మూడు కాలమ్‌లే పెట్టాను. ఒకావిడకు నోరు మండింది, వాంతి అయింది, జ్వరం వచ్చింది, ఆపైన బాత్‌రూములో జారిపడింది. నాలుగోదాన్ని సిస్టర్ మూడోదాని పక్కన కామా పెట్టి రాశారు. ఆమె తప్పేమీ లేదు.

మూడో మార్పు దగ్గర కొంప మునిగింది. పొగాకు అలవాటు గురించి ఒక ప్రశ్న ఉంది. జవాబులు: 1 సిగరెట్, 2 బీడీ, 3 చుట్ట, 4 ఖైనీ, 5 ఏదీ లేదు. డేటాబేస్‌లో నిలిచేది సంఖ్య మాత్రమే. ఒక శుక్రవారం సాయంత్రం పెద్ద డాక్టరు గారు ఫోన్ చేసి, "అడ్డపొగ మరిచిపోయాం బాబూ, చుట్ట కిందనే పెట్టు, సోమవారం ఓపీకి కావాలి" అన్నారు. ఉత్తరాంధ్ర తీరంలో పెరిగినవారికి అడ్డపొగ అంటే చెప్పనక్కర్లేదు. మిగతావారికి: వెలిగించిన కొస నోటి లోపల ఉండేలా పెట్టుకుని చుట్ట తాగడం. మా నాయనమ్మ తాగేది. ఆమె నోరు కాలదా అని చిన్నప్పుడు ఎదురుగా కూర్చుని చూసేవాణ్ణి. కాలేది. చెప్పేది కాదు, అంతే.

చుట్ట కిందనే పెట్టాను. అడ్డపొగ 4 అయింది. ఖైనీ 5కి, ఏదీ లేదు 6కి జరిగాయి. కొత్తగా చేరేవారికి అంతా బాగానే ఉంది. పాత 34 మంది జవాబులు మాత్రం పాత సంఖ్యలతోనే ఉండిపోయాయి. ఖైనీ తినే తొమ్మిది మంది రాత్రికి రాత్రే అడ్డపొగ తాగేవాళ్లయ్యారు. ఏ అలవాటూ లేనివాళ్లు ఖైనీ మొదలుపెట్టారు. పదకొండు రోజుల తర్వాత విజయనగరం నుంచి సిస్టర్ ఫోన్. "019 నంబరు మాస్టారు ఖైనీ తింటారని మీ స్క్రీను చెబుతోంది. ఆయన వక్కపొడి కూడా ముట్టరు. నేను ఆయన్ని అడిగి తిట్లు తినాలా?"

బ్యాకప్ తీసి సంఖ్యలు వెనక్కి మార్చాను. కానీ ఆ పదకొండు రోజుల్లో ఎవరు ఏ గడిని ముట్టుకున్నారో చెప్పడానికి నా దగ్గర "చివరిగా మార్చిన సమయం" అనే ఒక్క కాలమ్ తప్ప మరేమీ లేదు. అప్పటి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు.

ఇప్పుడు అంతా విప్పి మళ్లీ కట్టాలనుకుంటున్నాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నాం. మాలో ఒకరు ఈఏవీ పద్ధతి అంటున్నారు: ఎవరిది, ఏ అంశం, ఏ విలువ అంటూ ఒక్కో జవాబుకు ఒక్కో వరుస. ఇంకొకరు ఫారం మొత్తాన్ని ఒకే జేసన్ (పేరు, విలువ జతలుగా రాసే పాఠం) ముద్దగా ఒక కాలమ్‌లో పెట్టేద్దాం అంటున్నారు. మూడోవాడు టీ తాగుతూ నవ్వుతున్నాడు. ఈ పని చేసినవారు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.


బీచ్ రోడ్ నడక

సొంతంగా కట్టకండి. ఇది కల్యాణ మండపం కాదు.

అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2004లో మొదలుపెట్టిన రెడ్‌క్యాప్ అనే అధ్యయన డేటా నమోదు వ్యవస్థ ఉంది. లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితం. ఒప్పందం చేసుకుని తమ సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. మీ సంస్థకు ఇవ్వరు కానీ, ఆ వైద్యులున్న సంస్థ అర్హమైనదైతే దాని పేరు మీద తీసుకోవచ్చు. ఫారాలు, శాఖలుగా విడిపోయే ప్రశ్నలు, మళ్లీ మళ్లీ వచ్చే ఫారాలు, మార్పుల చిట్టా అన్నీ అందులో ఉన్నాయి. అధ్యయనం ఒకసారి మొదలయ్యాక ప్రశ్నలు మార్చాలంటే ముందు చిత్తుప్రతిగా పెట్టి, ఏమి చెడుతుందో చూసుకుని, ఆపైన ఖాయం చేయాలి. శుక్రవారం సాయంత్రం ఫోన్‌తో పని జరగదు. అదే దానిలో నాకు అన్నిటికన్నా నచ్చినది.

మీ గొడవకు జవాబు: రెడ్‌క్యాప్ లోపల ఉన్నది ఈఏవీ తరహానే, ఒక్కో జవాబుకు ఒక్కో వరుస. యేల్ విశ్వవిద్యాలయం వారు 1990ల్లోనే క్లినికల్ అధ్యయనాలకు ఈ పద్ధతి మీద వ్యవస్థ కట్టి 1998లో ప్రచురించారు. కొత్త సంగతి కాదు. జేసన్ కూడా చెడ్డదేమీ కాదు. పోస్ట్‌గ్రెస్‌లో 2014లో వచ్చిన 9.4 వెర్షన్ నుంచి జేసన్‌బీ అనే జేసన్ రకం ఉంది, సూచికలు కట్టుకుని వేగంగా వెతకవచ్చు. ఏది ఎంచుకున్నా మీరు కట్టబోయేది రెడ్‌క్యాప్‌లో పదోవంతు, అదీ తప్పులతో.


కట్టల గది

బాబూ, మీ మాస్టారి ఖైనీ దగ్గర నవ్వాను, నవ్వినందుకు నొచ్చుకున్నాను. ఇరవై రెండేళ్లు క్లినికల్ డేటా పనిలోనే ఉండి ఇప్పుడు సీతమ్మధారలో మనవడిని ఆడించుకుంటున్నాను. నేను చేరిన రోజుల్లో సీఆర్ఎఫ్ (ఒక్కో రోగి వివరాలు రాసే ఫారం) అంటే మూడు పొరల కాగితం. ఇద్దరు విడివిడిగా కంప్యూటర్‌లో ఎక్కించేవారు; ఇద్దరికీ తేడా వస్తే మూడో మనిషి కట్ట విప్పి అసలు కాగితం చూడాలి. ఆ మూడో మనిషిని నేను. కట్టలున్న గదిలోనే భోజనం కూడా. అందుకే ఈ పేరు.

ఈఏవీయా, జేసనా అన్నది రెండో ప్రశ్న. మొదటిది వేరే ఉంది. మీ పాత 34 మందిలో "చుట్ట" అని చెప్పినవారు ఉంటారు కదా. వారిలో అడ్డపొగ తాగేవారు ఎందరు? మీ డేటాబేస్‌కు తెలియదు. బ్యాకప్‌కూ తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి. కొత్త ఫారంలో "చుట్ట" అన్నవారు మాత్రం అడ్డపొగ కాదని తేలినవారు. పాత చుట్ట, కొత్త చుట్ట చూడటానికి ఒకటే మాట; అర్థాలు రెండు. మీరు సంఖ్యలు ఎంత శుభ్రంగా వెనక్కి మార్చినా, ఆ రెండింటినీ ఒకే గంపలో పోస్తే లెక్క తప్పే. ఇది కాలమ్‌ల జబ్బు కాదు. జవాబు ఏ ప్రశ్నకు చెప్పినదో మీ వ్యవస్థ దాచుకోవడం లేదు, అదీ జబ్బు.

కాబట్టి ఫారానికి వెర్షన్ ఉండాలి. ప్రతి జవాబూ తాను ఏ వెర్షన్ ప్రశ్నకు పుట్టిందో చెప్పగలగాలి. పాత 3 అనే సంఖ్యను "చుట్ట, విధం అడగలేదు" అని పేరు పెట్టి పదవీ విరమణ చేయించండి. ఇకపై ఎవరికీ ఆ సంఖ్య ఇవ్వవద్దు. 6 మామూలు చుట్ట, 7 అడ్డపొగ. స్క్రీను మీద ఏ వరుసలో కనబడాలన్నది ఇంకో కాలమ్. సంఖ్య వేరు, స్థానం వేరు. ఇంటి నంబరు, వరుసలో ఎన్నో ఇల్లు అన్నవి ఒకటి కావు. మధ్యలో కొత్త ఇల్లు లేస్తే వీధి అందరి నంబర్లూ మారవు. పాతవారిని 90వ రోజు విజిట్‌లో అడగండి, కానీ అడిగిన తేదీతోనే రాయండి. చేరిన రోజే చెప్పినట్టు వెనక్కి నింపితే అది అబద్ధం.

వెర్షన్ మారే రోజు మూడు కేంద్రాల్లో ఒకటి కాదని గమనించారా? మార్చిన ప్రొటోకాల్‌ను ఏ కేంద్రానికి ఆ కేంద్రపు ఎథిక్స్ కమిటీ (అధ్యయనంలో రోగుల క్షేమం, హక్కులు చూసే సంఘం) ఆమోదిస్తుంది. ఒకచోట ఈ నెల, ఇంకోచోట వచ్చే నెల. ఆ మధ్యకాలంలో విశాఖలో మూడో వెర్షన్, శ్రీకాకుళంలో రెండో వెర్షన్ పక్కపక్కనే నడవాలి. చాలామంది ప్రోగ్రామర్లు ఇక్కడే పడతారు: వెర్షన్‌ను వ్యవస్థ మొత్తానికి ఒక మీటలా పెడతారు. కేంద్రం, వెర్షన్, అమలు తేదీ, మూడూ కలిపి ఒక టేబుల్ ఉండాలి.

మార్పుల చిట్టా గురించి. కాగితం రోజుల్లో తప్పు రాస్తే ఒకే గీత కొట్టాలి, కింద ఉన్నది కనబడాలి, పక్కన సరైనది రాసి పొట్టి సంతకం, తేదీ వేయాలి. ఒకసారి ఒక కేంద్రం నుంచి వచ్చిన కట్టలో బరువు గడి మీద వైట్‌నర్ పూసి ఉంది. కాగితాన్ని ట్యూబులైటు దగ్గరికి ఎత్తి చూస్తే అడుగున 48, పైన 58. రాసిన జూనియర్ డాక్టరు పీజీ సీటు వచ్చి వెళ్లిపోయారు. ఆ మనిషి మోతాదు బరువును బట్టి లెక్కగట్టినది. ఇప్పటికీ నాకు ఆ కాగితం కళ్లకు కడుతుంది. మీ "చివరిగా మార్చిన సమయం" కాలమ్ ఆ వైట్‌నరే బాబూ. పాత విలువ, కొత్త విలువ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఈ అయిదూ విడి టేబుల్‌లో పడాలి. ఆ టేబుల్‌లో చేర్చడమే తప్ప మార్చడం, తీసేయడం ఎవరికీ వీలుకాకూడదు, మీకు కూడా. మార్పు వల్ల ముందు రాసినది మరుగున పడకూడదని అమెరికావారి 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధన 1997లోనే చెప్పింది. మీరు బ్యాకప్‌తో చేసిన సవరణ కూడా ఆ చిట్టాలోకి ఎక్కాల్సిందే.

ఇక ఖాళీ గడులు. 2014 అక్టోబర్ 12 ఆదివారం హుద్‌హుద్ వచ్చింది. కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డు నిండా చెట్లు. మా గది కిటికీ అద్దాలు పోయి కట్టలు తడిశాయి. మేడ మీద కాగితాలు ఒక్కొక్కటీ ఆరబెట్టి ఇటుక ముక్కలు బరువు పెట్టాం. ఆ వారం రావలసిన రోగులు రాలేదు. కొందరు మూడు వారాల తర్వాత వచ్చారు. మా వ్యవస్థలో విజిట్ ఉంటే ఉంది, లేకుంటే ఖాళీ. తుపాను వల్ల రానివారు, మందు పడక మానేసినవారు, చనిపోయినవారు, ముగ్గురూ ఒకే ఖాళీ. మళ్లీ 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అదే కథ, ఈసారి ఫోన్ విజిట్‌లు అదనం. అందుకని విజిట్ ప్రణాళిక ఒక టేబుల్, జరిగిన విజిట్ ఇంకో టేబుల్, జరగకపోతే కారణం ఒక గడి. అనుకోకుండా వచ్చిన విజిట్‌కూ చోటుండాలి. మీ ఐదో టేబుల్ అవసరం అప్పుడే పోతుంది.

ప్రతికూల సంఘటనను విజిట్‌కు కట్టవద్దు. జ్వరం మీ 30వ రోజు కోసం ఆగదు. మొదలైన తేదీ, తగ్గిన తేదీ, తీవ్రత, జెల్‌తో సంబంధం ఉందా లేదా, ఏం చేశారు, ఇలా సంఘటనకు ఒక వరుస, ఎన్నయినా రావచ్చు. జారిపడి ఆసుపత్రిలో చేరితే అది గంభీరమైన సంఘటన. మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనల ప్రకారం 24 గంటల్లో తెలియజేయాలి. కామా పక్కన రాసిన దానిని చూసి మీ వ్యవస్థ ఎవరికీ కబురు పంపలేదు కదా.

నేను కోడు రాసేదాన్ని కాను, అయినా నా అభిప్రాయం: కేంద్రాలు, మనుషులు, సమ్మతి పత్రాలు, విజిట్‌లు, క్వెరీలు (రాసినదాని మీద అనుమానం వస్తే కేంద్రానికి పంపే ప్రశ్నలు), ఇవి మారవు, మామూలు టేబుళ్లలో గట్టిగా కట్టండి. మారేది వైద్యపరమైన అంశాలు. వాటికి మాత్రమే సాగే గుణం. క్లినికల్ డేటాకు ప్రమాణాలు రాసే సీడిస్క్ సంస్థ వారి ఓడీఎం ప్రమాణం ఒకసారి చదవండి, వాడకపోయినా సరే. ప్రశ్నల నిర్వచనం ఒకవైపు, జవాబులు ఇంకోవైపు, ప్రతి జవాబుల కట్ట మీద అది ఏ నిర్వచనపు వెర్షన్‌దో ముద్ర. మీరు పడుతున్న బాధ పడినవారే అది రాశారు.

అంతా సాగేలా మాత్రం చేయవద్దు. ఒకచోట కోఆర్డినేటర్లే అంశాలు చేర్చుకునే వీలు ఇచ్చారు. ఆరు నెలలకు రక్తపోటుకు మూడు అంశాలు: "బీపీ", "బీపీ1", "బీపీ కొత్తది".

బీచ్ రోడ్ నడక గారి మాట సగం ఒప్పుకుంటాను. వీలైతే రెడ్‌క్యాప్‌కు వెళ్లండి. కానీ అందులో కూడా జవాబుల సంఖ్యలు తిరగరాసి, హెచ్చరికను చదవకుండా నొక్కేసి ఏడ్చినవారిని చూశాను.


ఎండాడ కోడరు

అమ్మా, రెండుసార్లు చదివాను. రెండోసారి మధ్యలో లేచి కేంద్రాల ఆమోద పత్రాలు తెప్పించి చూశాను. నేను సోమవారం మూడు చోట్లా ఒకేసారి మార్చాను. విశాఖ, విజయనగరం కమిటీలు అప్పటికే ఆమోదించాయి. శ్రీకాకుళం ఆమోదం 23 రోజుల తర్వాత వచ్చింది. ఆ మధ్య అక్కడ నలుగురిని కొత్త ప్రశ్న అడిగాం. ఆ నాలుగు జవాబులు తీసేయాలా?


కట్టల గది

ముట్టుకోవద్దు! తీసేస్తే రెండో తప్పు. అది ప్రొటోకాల్ ఉల్లంఘన కింద నమోదు చేయాలి, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. ఆ రాత పని డాక్టరు గారిది, మీది కాదు. మీరు ఆయనకు ఈరోజే చెప్పండి, ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో. నలుగురి నంబర్లు, తేదీలు, ఏమి జరిగింది, మూడు వాక్యాలు చాలు. అలవాటు గురించి అడిగిన ప్రశ్నే కాబట్టి ప్రాణాల మీదికి ఏమీ రాదు. దాచితేనే పెద్దదవుతుంది.


రెండో దశాంశం

గణాంకాల మనిషిని. డేటా నా దగ్గరికి చివర్లో వస్తుంది, అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. కాబట్టి మొదట్లోనే కొన్ని చెబుతాను.

ఈఏవీ పెట్టుకోండి, కానీ విలువ కాలమ్‌ను ఒక్కటే పెట్టి అందులో అన్నీ అక్షరాలుగా పోయకండి. నాకు ఒకసారి హిమోగ్లోబిన్ విలువలుగా "11.2", "11,2", "11.2 గ్రా", "నిల్", "రిపోర్టు రాలేదు" వచ్చాయి. సంఖ్యకు ఒక కాలమ్, తేదీకి ఒకటి, మాటలకు ఒకటి ఉండాలి. ఏ అంశం ఎందులోకి వెళ్లాలో నిర్వచనమే నిర్ణయించాలి.

కొలత ప్రమాణం (మి.మీ., సెం.మీ. లాంటిది) విలువను అంటిపెట్టుకుని ఉండాలి. మీ అధ్యయనంలో మచ్చ పొడవు కొలుస్తారు కదా. ఒక కేంద్రంలో స్కేలు మిల్లీమీటర్లలో చదువుతారు, ఇంకోచోట సెంటీమీటర్లలో. 12, 1.2 రెండూ ఒకే మచ్చ కావచ్చు. ప్రమాణం ఫారం తలకట్టులో మాత్రమే ఉంటే, ఆ మచ్చ జెల్ రాయకుండానే పదో వంతుకు తగ్గినట్టు నా టేబుల్‌లో కనబడుతుంది. నాకు కావలసిన వరుస ఇలా ఉండాలి: మనిషి 023, విజిట్ 2, నోటి పరీక్ష ఫారం, వెర్షన్ 3, అంశం మచ్చ పొడవు, రాసిన విలువ 1.2, రాసిన ప్రమాణం సెం.మీ., మార్చిన విలువ 12, మార్చిన ప్రమాణం మి.మీ. రాసినది రాసినట్టే ఉండాలి, మార్చినది పక్కన ఉండాలి. సీడిస్క్ వారిదే ఎస్‌డీటీఎం అని అధ్యయన డేటా టేబుళ్లకు ఇంకో ప్రమాణం ఉంది, దానిలో పరీక్షల ఫలితాలు సరిగ్గా ఇలాగే ఉంటాయి: పరీక్షకు ఒక వరుస, అసలు విలువకు, ప్రమాణీకరించిన విలువకు విడి కాలమ్‌లు. అంటే మీ ఈఏవీ నుంచి అక్కడికి దారి దగ్గరే. విశ్లేషణకు కావలసిన వెడల్పు టేబుళ్లను నిర్వచనం చూసి వ్యూలుగా (అసలు టేబుళ్ల నుంచి అప్పటికప్పుడు పుట్టే టేబుళ్లుగా) వ్యవస్థే తయారుచేయాలి. చేత్తో రాయకండి, నాలుగో సవరణకు మళ్లీ ఇక్కడికే వస్తారు.

తేదీలు. "మచ్చ ఎప్పటి నుంచి ఉంది?" అంటే "పోయిన దసరా ముందు" అంటారు. మీ తేదీ గడి రోజు లేనిదే ఒప్పుకోకపోతే నమోదు చేసేవారు 1వ తేదీ వేస్తారు. నా దగ్గరికి వచ్చే చాలా జబ్బులు ఒకటో తేదీనే పుడతాయి, అందులోనూ జనవరిలో. సంవత్సరం మాత్రమే, లేదా సంవత్సరం, నెల మాత్రమే తెలిసిన తేదీని అలాగే దాచగలగాలి.

ఒక ప్రశ్న. ఎవరికి అసలు జెల్, ఎవరికి ఉత్త (మందు లేని) జెల్ అన్న కోడు, డాక్టర్లకు కనబడకూడనిది, ఎక్కడ పెట్టారు? మనుషుల టేబుల్‌లోనే అని చెప్పకండి.


ఓపీ సిస్టర్

పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి. రెండు అధ్యయనాల్లో కోఆర్డినేటర్‌గా చేశాను. మీ స్క్రీన్ల ముందు కూర్చునేది మేమే.

ఎర్ర చుక్క పెట్టి తప్పనిసరి అనే గడులు తగ్గించండి. పాత కేంద్రంలో ఒంటి వేడి గడి నింపనిదే తర్వాతి పేజీ వచ్చేది కాదు. ఒక వారం థర్మామీటరు పాడైంది. బయట బెంచీ మీద మొదటి బస్సుకు పాడేరు నుంచి వచ్చినవారు ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వడానికి కూర్చుని ఉన్నారు. ఆ వారం అందరికీ 98.6 వేశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. "కొలవలేదు" అన్న బొత్తాము, పక్కన కారణం రాసే గడి ఉంటే వేసేదాన్ని కాదు. మీ వ్యవస్థ అడ్డుకోకూడదు, తర్వాత క్వెరీ పంపాలి.

ఇంకొకటి. మీ ఫారం వరుస డాక్టర్ల ఆలోచన వరుస. రోగితో మాట వేరే వరుసలో నడుస్తుంది. ముసలమ్మను మొదటే "చుట్ట తాగుతావా" అని అడిగితే లేదంటుంది. మనవల గురించి అడిగి, కళ్లు ఎలా కనబడుతున్నాయో అడిగి, అప్పుడు అడిగితే నడుముకున్న సంచి తీసి చూపిస్తుంది. ఏ పేజీకైనా ముందుగా వెళ్లగలిగేలా, సగంలో వదిలి మళ్లీ వచ్చేలా చేయండి. నెట్ పోతే రాసినది పోకుండా చూడండి. నెట్ పోయినప్పుడు నేను అరచేతి మీద రాసుకున్న బీపీలకు ఆడిట్ ట్రెయిల్ (మీరంతా అంటున్న మార్పుల చిట్టా) లేదు.


రెండో దశాంశం

సిస్టర్ గారూ, ఆ 98.6ల టేబుల్ ఎవరి దగ్గరికో వచ్చే ఉంటుంది. ప్రామాణిక విచలనం సున్నా, అంటే విలువల మధ్య తేడాయే లేని వారం చూసి తల పట్టుకున్నవారిలో నేనూ ఒకరిని. మీ బొత్తాము మాట నాకు పై పోస్టులన్నిటికన్నా విలువైనది.


ఎండాడ కోడరు

అందరికీ రుణపడ్డాను. ఆలస్యంగా రాస్తున్నాను, ఈ మూడు వారాలూ దీనితోనే గడిచాయి.

ఎవరికి ఏ జెల్ అన్న కోడు మనుషుల టేబుల్‌లోనే ఉంది. చివరి కాలమ్. డాక్టర్ల స్క్రీను మీద కనబడదు కానీ ఎక్సెల్‌కు దించితే వస్తుంది. ఎవరూ దించలేదని సర్వర్ చిట్టా చూసి నిర్ధారించుకున్నాను. దాన్ని వేరే డేటాబేస్‌కు తీసి, తాళం అధ్యయనంతో సంబంధం లేని ఒక ఫార్మసిస్టు గారికి ఇచ్చాం. నా దగ్గర కూడా లేదు.

రెడ్‌క్యాప్‌కు మారడం డాక్టర్ల సంస్థతో మాట్లాడాం. ఒప్పందానికి సమయం పడుతుందన్నారు, చేరికలు ఆపలేమన్నారు. వచ్చే అధ్యయనానికి అదే. దీనికి మాత్రం అమ్మ చెప్పినట్టే కట్టాను: గట్టి టేబుళ్లు ఏడు, జవాబులకు ఒక పొడవాటి టేబుల్, విలువకు మూడు కాలమ్‌లు, ప్రతి వరుస మీద వెర్షన్. జేసన్ వాదికి కూడా పని దొరికింది: ఫారం నిర్వచనాలు జేసన్‌లో ఉన్నాయి, వెర్షన్‌కు ఒకటి, ఒకసారి అమలైతే మారవు. పాత ఐదు టేబుళ్లను చదవడానికి మాత్రమే వీలుగా అలాగే ఉంచాను. పాతదీ కొత్తదీ గడి గడికీ పోల్చాం. 11 చోట్ల తేడా వచ్చింది, 10 నా బదిలీ తప్పులు. పదకొండోది పాతదానిలోనే తప్పు: ఆ జారిపడిన ఆవిడ. కామా తర్వాత ఉన్నది విడి వరుసగా రాసి సిస్టర్‌కు క్వెరీ పంపాం. ఆసుపత్రిలో చేరలేదు, మోకాలు గీరుకుపోయిందంతే.

శ్రీకాకుళం సంగతి ఈమెయిల్‌లో రాశాను. డాక్టరు గారు రెండు రోజులు పలకలేదు. మూడో రోజు కమిటీకి రాసిన ఉత్తరం ప్రతి నాకు కూడా పంపారు.

పరీక్షించడానికి నకిలీ రోగులను చేర్చాం: దొండకాయ, బీరకాయ, ఆనపకాయ. బీరకాయ రెండో విజిట్‌కు రాలేదు, కారణం తుపాను. ఆనపకాయకు అయిదు ప్రతికూల సంఘటనలు ఇచ్చాం, తట్టుకుంది. వీరి కోసం విడి సర్వర్ పెట్టాం, అసలు మనుషులతో కలవకుండా.

నిన్న శుక్రవారం. సాయంత్రం డాక్టరు గారు ఫోన్ చేశారు. గుట్కా కూడా చేర్చాలట, సోమవారానికి. 8వ సంఖ్య ఇచ్చాను. జాబితాలో మాత్రం ఖైనీ పక్కనే కనబడుతుంది. వెర్షన్ 4, చిత్తుప్రతి. కేంద్రాల ఆమోద తేదీలకు మూడు గడులున్నాయి, మూడూ ఖాళీ. ఆ స్క్రీను ఫొటో తీసి ఆయనకు పంపాను. కాసేపటికి ఒక్క మాట వచ్చింది: "సరే బాబూ."